ఇంటికి పాలసీ ఉంది సరే, పురుగుల షెడ్డుకి ఉందా?



తుపాన్ల నెలలు మొదలైనాయి. గ్రూపులో కొన్నాళ్లుగా ఒకటే ప్రశ్న తిరుగుతా ఉంది. "ఇంటికి ఇన్సూరెన్సు కట్టినాం, పక్కనే ఉన్న షెడ్డు కూడా అందులో వచ్చేస్తుంది కదా?" అని. ఒకరు వస్తుంది అంటారు, ఇంకొకరు రాదు అంటారు. ఏజెంటుని అడిగితే "అన్నీ వచ్చేస్తాయి సార్" అంటాడు. ఈ సంగతి తేల్చుకుందామని నేను పాలసీ కాగితాలు ముందర వేసుకుని చదివినాను, మూడు ఆఫీసులు తిరిగినాను. తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగే, కానీ చివరిదాకా చదవండి.

ముందే ఒక్క మాటలో చెప్పేస్తా. ఇంటికి ఆనుకోకుండా విడిగా ఉన్న ఏ కట్టడమైనా, దాని పేరు, దాని వాడకం, దాని విలువ పాలసీలో రాసి ఉంటేనే దానికి బీమా ఉన్నట్టు. రాయకపోతే లేనట్టే అనుకోండి. మన పురుగుల షెడ్డు విషయంలో ఇది ఇంకా గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

మన పక్క పరిస్థితి

నేనుండేది మాధవరంలో. 2018లో ఇక్కడ కొత్త బస్ స్టాండు తెరిచినప్పటి నుంచి నెల్లూరు, తిరుపతి, కాళహస్తి పోయే మన వాళ్లందరికీ ఈ ఊరు బాగా తెలుసు. ఇల్లు ఇక్కడ, మల్బరీ తోట మాత్రం ఊత్తుకోట దారిలో. మా మాదిరి ఇల్లు ఒక చోట, షెడ్డు ఇంకో చోట ఉన్న వాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. హోసూరు, కుప్పం, పలమనేరు పక్క మీలో ఎక్కువమందికి ఇల్లు, షెడ్డు ఒకే కళ్లంలో ఉంటాయి. రెండు రకాల వాళ్లకీ లెక్క వేరు, అది కింద చెప్తా.

చెన్నై చుట్టుపక్కల మనం రెండు రకాల దెబ్బలు చూసినాం. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గరే తీరం దాటింది. అది గాలి దెబ్బ. చెట్లు వేళ్లతో సహా లేచిపోయినాయి, రేకులు ఎగిరిపోయినాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చింది. అది నీళ్ల దెబ్బ. 4వ తేదీన చెన్నై విమానాశ్రయం కూడా మూసేసినారు. తుపాను మర్నాడు పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే తుపాను మన దగ్గర ఒడ్డు ఎక్కకపోయినా నీళ్లు మాత్రం మన ఇళ్లలోకి వచ్చినాయి.

షెడ్డుకి ఈ రెండూ ప్రమాదమే. గాలికి కప్పు పోతుంది. నీళ్లకి కింది అర ర్యాకులు, మోటారు, హ్యూమిడిఫైయరు, గోడ వారగా పేర్చిన చంద్రికలు పోతాయి. ఇంకో ప్రమాదం నిప్పు. చలికాలంలో వేడి కోసం కుంపటి పెడతాం, హీటరు పెడతాం. పక్కనే ఎండిన మల్బరీ పుల్లలు, వెదురు చంద్రికలు, పేపర్లు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇల్లు పోతే బంధువుల ఇంట్లో నాలుగు రోజులు తల దాచుకోవచ్చు. షెడ్డు పోతే ఆ బ్యాచ్ పోతుంది, తర్వాత బ్యాచ్ కూడా పోతుంది, బ్యాంకు కంతు మాత్రం ఆగదు.

ఇంటి పాలసీలో షెడ్డు ఎక్కడిదాకా వస్తుంది

ఇప్పుడు ఇళ్లకి ఇచ్చే మామూలు పాలసీ పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలూ ఒకే మాటలతో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ తెచ్చిన పాలసీ ఇది. కంపెనీ ఏదైనా ముఖ్యమైన షరతులు ఒకటే. అందుకని ఒకసారి అర్థం చేసుకుంటే అందరికీ పనికొస్తుంది.

అందులో ఇల్లు అంటే ఏమిటో రాసి ఉంది. మనుషులు కాపురం ఉండే కట్టడం, దాంతో పాటు కొన్ని అదనపు కట్టడాలు. ఆ అదనపు కట్టడాలు ఇవి: కారు షెడ్డు, కాపురానికి వాడే అవుట్‌హౌసు, కాంపౌండు గోడ, కంచె, గేటు, వరండా, సెప్టిక్ ట్యాంకు, గోబర్ గ్యాసు, నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు, ఇట్లాంటివి. వినడానికి బాగుంది. కానీ రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, అవి ఇల్లు ఉన్న స్థలంలోనే ఉండాలి. రెండు, ఇంట్లో భాగంగా వాడుతూ ఉండాలి. అవుట్‌హౌసుకి అయితే కాపురానికి వాడేది అని స్పష్టంగానే రాసినారు.

ఇప్పుడు మన షెడ్డుని దీనికి కొలిచి చూడండి. మా షెడ్డు ఇంటి స్థలంలో లేదు, మొదటి షరతులోనే పోయింది. మీ షెడ్డు ఇంటి వెనకాలే ఉందనుకోండి, మొదటి షరతు దాటినారు. కానీ అందులో మనుషులు కాపురం లేరు, పురుగులు మేస్తున్నాయి. గూళ్లు అమ్మి డబ్బు సంపాదించే చోటు అది. ఇంట్లో భాగం అని వాదించడం కష్టం. పశువుల కొట్టం, ఎరువుల గది, పంపుసెట్టు గది అన్నిటికీ ఇదే చిక్కు.

కొంతమంది ఇంట్లోనే ఒక గదిలో పురుగులు మేపుతారు. వాళ్లు ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో రాసేయడం మంచిది. రేపు ఆ గదిలో హీటరు నుంచి మంట లేస్తే, "ఇది ఇల్లన్నారు, లోపల పెంపకం ఉందని చెప్పలేదు" అని కంపెనీ అడ్డం తిరగకుండా ఉంటుంది.

మరి షెడ్డుకి ఏ పాలసీ

చిన్న వ్యాపారాల కట్టడాలకి అదే రోజు నుంచి ఇంకో పాలసీ వచ్చింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒక చోట ఉన్న ఆస్తుల మొత్తం విలువ 5 కోట్లకి మించని వాళ్లకి ఇది. దీని మీద 5 నుంచి 50 కోట్ల దాకా ఉన్న వాళ్లకి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. మనమంతా మొదటి దాంట్లోనే వస్తాం, ఆ రెండోది చూసే అదృష్టం ఇంకా రాలేదు!

ఇందులో కట్టడం, యంత్రాలు, సామాను, సరుకు అని వేరు వేరుగా రాయించుకోవచ్చు. నిప్పు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు, అల్లర్లు, బండి వచ్చి గుద్దడం లాంటివి ఉంటాయి. ఆ ప్రమాదం జరిగిన 7 రోజుల లోపల దొంగతనం జరిగినా ఉంటుంది. రేకులు ఎగిరిపోయిన షెడ్డులో మోటారు ఎత్తుకుపోయే వాళ్లు ఉంటారు కాబట్టి ఇది మనకి బాగా పనికొచ్చే మాట. శిథిలాలు తీసేయడానికయ్యే ఖర్చు కూడా ఒక హద్దు దాకా ఇస్తారు.

ఇవి కాకుండా కొన్ని కంపెనీలకి రైతుల ప్యాకేజీ పాలసీలు ఉన్నాయి. ఇల్లు, పశువులు, పంపుసెట్టు అన్నీ ఒకే పాలసీలో వేరు వేరు భాగాలుగా ఉంటాయి. అది తీసుకున్నా షెడ్డు పేరు ఏ భాగంలో ఉందో వేలు పెట్టి చూపించమని అడగండి.

నేను పోయిన మొదటి ఆఫీసులో ఇంటి పాలసీయే చాలు అన్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను, ఇవ్వలేదు. రెండో చోట పట్టు పెంపకం అంటే ఏమిటో మొదటి నుంచి వివరించాల్సి వచ్చింది. గూళ్లు, పురుగులు అంటే చీరల కొట్టు అనుకున్నారు. మూడో చోట మేనేజరు ఓపికగా విని, "షెడ్డు ఫోటోలు తీసుకురండి, గోడ ఏమిటి, కప్పు ఏమిటి, లోపల ఏం చేస్తారు రాసివ్వండి" అన్నాడు. ఆ మాట విన్నాకే సరైన చోటికి వచ్చినాం అనిపించింది. మిమ్మల్ని ప్రశ్నలు అడిగే ఆఫీసు మంచిది. ఏమీ అడగకుండా డబ్బు కట్టించుకునే ఆఫీసు దగ్గర జాగ్రత్త.

పురుగు వేరు, షెడ్డు వేరు, తోట వేరు

ఇది చాలామంది కలిపేస్తున్నారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా అనేది నోటిఫై చేసిన పంటలకి. దాంతో షెడ్డుకి సంబంధం లేదు. పట్టుపురుగుల ఇన్సూరెన్సు అనేది గుడ్లకి, పురుగులకి, అంటే బ్యాచ్‌కి. అది కట్టినా షెడ్డు గోడకి రూపాయి రాదు. అట్లాగే షెడ్డు పాలసీ ఉంది కదా అని, గ్రాసరీ రోగంతోనో సున్నపు కట్టు రోగంతోనో పురుగులు చస్తే దాంట్లో రాదు.

తుపానుకి కప్పు పడి ఐదో దశలో ఉన్న పురుగులు పోతే? కప్పుకి షెడ్డు పాలసీ. పురుగులకి మాత్రం, ప్రాణమున్న వాటిని సరుకు కింద తీసుకుంటారా లేదా అని ముందే అడిగి రాయించుకోవాలి. ఏరి పెట్టిన గూళ్లు కూడా అంతే. మార్కెట్టుకి పోయే ముందు రెండు రోజులు షెడ్డులోనే ఉంటాయి కదా, ఆ రెండు రోజుల సరుకు విలువ రాయించండి. ఇక బ్యాచ్ ఆగిపోయినందువల్ల పోయిన ఆదాయం మామూలుగా ఈ పాలసీల్లో రాదు.

కప్పు ఏమిటన్నది పెద్ద ప్రశ్న

మన షెడ్లు రకరకాలు. ఆర్‌సీసీ కప్పు, సిమెంటు రేకులు, ఇనుప రేకులు, పెంకులు, బోద, కొబ్బరాకు. ఎండ తగలకుండా రేకుల మీద కొబ్బరాకు వేయడం మనకి అలవాటు. లోపల 25 డిగ్రీల దగ్గర నిలబెట్టాలంటే వేరే దారి లేదు. పక్కన ఊజీ ఈగ రాకుండా నైలాన్ వల, చలికి టార్పాలిన్.

పాత ఫైరు టారిఫ్‌లో కచ్చా కట్టడం అంటే ఏమిటో చెప్పినారు. గోడలు గానీ కప్పు గానీ చెక్క పలకలు, ఆకులు, గడ్డి, వెదురు, ప్లాస్టిక్ గుడ్డ, టార్పాలిన్ లాంటి వాటితో ఉంటే అది కచ్చా. కచ్చాకి ప్రీమియం ఎక్కువ. కొందరు ఒప్పుకోరు కూడా. అందుకని ప్రీమియం తగ్గుతుందని "రేకుల షెడ్డు" అని ఒక్క ముక్క రాయించి ఊరుకోవద్దు. రేకుల మీద కొబ్బరాకు ఉంటే ఉందని రాయించండి. పక్క తడికలు వెదురువైతే అదీ రాయించండి. పది రూపాయలు ఎక్కువ కట్టినా ఆ రోజు గట్టిగా అడగొచ్చు.

విలువ తక్కువ రాయిస్తే ఏమవుతుంది

ఇది లెక్కతో చెప్తా. షెడ్డు ఇప్పుడు కొత్తగా కట్టాలంటే 6 లక్షలు అవుతుందనుకుందాం. ప్రీమియం మిగులుతుందని 3 లక్షలకే రాయించినాం. గాలికి 1 లక్ష నష్టం. "3 లక్షలకి పాలసీ ఉంది, లక్షే కదా నష్టం, మొత్తం వస్తుంది" అనుకుంటాం. రాదు. సగం విలువకే కట్టినాం కాబట్టి సగమే, అంటే 50 వేలే లెక్క కడతారు. అందులో మనం భరించాల్సిన వంతు ఉంటే అది కూడా పోతుంది.

సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15% దాకా తేడా ఉంటే పట్టించుకోరు. 6 లక్షల షెడ్డుకి 5 లక్షల 10 వేల దాకా రాయించినా పర్వాలేదు అన్నమాట. దానికన్నా తగ్గితే కోత. ఇంటి గృహ రక్షలో ఈ కోత లేదు. అందుకే ఇంటి పాలసీ అనుభవంతో షెడ్డు పాలసీ చూస్తే లెక్క తప్పుతుంది.

విలువ అంటే స్థలం ధర కాదు. ఈ రోజు ఇదే షెడ్డు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. సబ్సిడీ వచ్చినప్పుడు వేసిన ఎస్టిమేటు పాతది, దాన్ని చూసి రాయించొద్దు. ఇప్పుడు ఇటుక ధర, రేకు ధర, మేస్త్రీ కూలీ అడిగి మేస్త్రీ చేతనే కాగితం మీద లెక్క రాయించుకోండి. ఆ కాగితం దాచిపెట్టండి. జనరల్ ఇన్సూరెన్సు ప్రీమియం మీద జీఎస్టీ 18% ఉంటుంది, ధర అడిగేటప్పుడు అది కలిపి చెప్పమనండి.

ఖాళీ షెడ్డు సంగతి

మనకి ఏడాది పొడుగునా పురుగులు ఉండవు. ఎండాకాలం ఆకు లేక వదిలేసే వాళ్లున్నారు, తోట కొట్టేసి మళ్లీ చిగురు కోసం ఆగే వాళ్లున్నారు. పాత స్టాండర్డ్ ఫైరు పాలసీలో ఒక షరతు ఉండేది: కట్టడం 30 రోజులకి మించి ఖాళీగా ఉంటే, కంపెనీ ఒప్పుకోలు లేకపోతే బీమా ఆగిపోతుంది అని. వాడకం మారితే కూడా అంతే. మీ పాలసీలో ఈ షరతు ఏ మాటల్లో ఉందో చూడండి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు కడగడం, సున్నం కొట్టడం, మందు కొట్టడం అంతా వాడకమే అని, నెలకి మించి ఆపితే ముందే తెలియజేస్తానని రాసి ఇవ్వండి. ఖాళీ షెడ్డుని గడ్డివాము పెట్టుకోవడానికో ఎవరికో అద్దెకో ఇస్తే, అది కూడా చెప్పాలి.

బ్యాంకు లోను ఉన్న వాళ్లకి

లోను మీద షెడ్డు కట్టిన వాళ్లకి బ్యాంకు వాళ్లే ప్రీమియం పట్టుకుని ఇన్సూరెన్సు చేయిస్తారు. పాస్‌బుక్‌లో ఆ పద్దు కనిపిస్తుంది, పాలసీ కాగితం మాత్రం మన చేతికి రాదు. పోయి అడిగి కాపీ తీసుకోండి. మూడు చూడండి. సర్వే నంబరు, ఊరు సరిగ్గా ఉందా? షెడ్డు పేరుందా, లేక ఇల్లు అనో గోడౌన్ అనో ఉందా? మొత్తం లోను బాకీకి రాసినారా, షెడ్డు పూర్తి విలువకి రాసినారా? బాకీ తగ్గే కొద్దీ విలువ కూడా తగ్గించి రాస్తే పైన చెప్పిన కోత పడుతుంది. క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకి పోతుందన్నది కూడా తెలిసి ఉండాలి.

ఆఫీసులో అడగాల్సినవి

ఇవి ఫోనులో దాచుకోండి.

1. పురుగుల షెడ్డు, చాకీ గది, ఆకు గది, పంపు గది, ఒక్కొక్కటి వేరే వరసలో వేరే విలువతో రాస్తారా?
2. వాడకం దగ్గర "పట్టుపురుగుల పెంపకం" అని రాస్తారా?
3. గోడ, కప్పు ఉన్నది ఉన్నట్టు రాసినారా?
4. తుపాను, వరద రెండూ ఉన్నాయా? తీసేసి ప్రీమియం తగ్గించినారా?
5. ర్యాకులు, చంద్రికలు, మోటారు, హ్యూమిడిఫైయరు సామాను కింద వచ్చినాయా?
6. పురుగులు, గూళ్లు సరుకు కింద వస్తాయా, రావా?
7. ప్రతి క్లెయిములో మనం భరించాల్సిన వంతు ఎంత?
8. షెడ్డు ఖాళీగా ఉంటే షరతు ఏమిటి?

జవాబు నోటితో వద్దు. మెయిల్లోనో కాగితం మీదో తీసుకోండి. రాయనంటే ఎందుకు రాయరో అదీ అడగండి. తుపాను హెచ్చరిక వచ్చినాక పోతే కొత్త పాలసీ దొరకడం కష్టం, కాబట్టి ఆకాశం తెల్లగా ఉన్నప్పుడే పోండి.

నష్టం జరిగితే

మొదట మనుషుల ప్రాణం, కరెంటు మెయిన్ ఆపడం. తర్వాత ఏదీ కదపకముందే ఫోటోలు, వీడియో. తేదీ, చోటు కనబడేటట్టు తీయండి. అదే రోజు కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకోండి, మెయిలు కూడా పెట్టండి. పాత ఫైరు పాలసీలో వివరాలు 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలని ఉండేది, ఆ లెక్కలోనే తొందరపడండి. సర్వేయరు చూసేదాకా విరిగిన రేకులు, తడిసిన మోటారు పారేయొద్దు. ఇంకా పాడవకుండా టార్పాలిన్ కప్పడం మాత్రం చేయాలి, ఆ బిల్లు దాచండి.

తమిళనాడులో వీఏఓ దగ్గర, ఆంధ్రలో సచివాలయం రెవెన్యూ వాళ్ల దగ్గర నష్టం సర్టిఫికెట్టు తీసుకోండి. నిప్పు అయితే ఫైరు సర్వీసు రిపోర్టు. పట్టు పరిశ్రమ శాఖ వాళ్లని పిలిచి చూపించి, ఏ దశలో ఎన్ని గుడ్ల పురుగులు ఉన్నాయో రాయించుకోండి. చాకీ కొన్న రసీదు, మార్కెట్టులో పాత గూళ్లు అమ్మిన చీటీలు, మేస్త్రీ ఎస్టిమేటు అన్నీ ఒక కవర్లో వేసి షెడ్డులో కాకుండా ఇంట్లో పెట్టండి. షెడ్డుతో పాటు కాగితాలు కూడా తడిసిపోతే ఏం లాభం?

కంపెనీ ఇవ్వనంటే ముందు వాళ్ల కంప్లయింటు ఆఫీసరుకి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపల పెట్టాలి. తమిళనాడు వాళ్లకి ఆఫీసు చెన్నైలో, ఆంధ్ర, తెలంగాణ వాళ్లకి హైదరాబాదులో ఉంది. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255.

ఈ వారం పని

పాలసీ ఉన్న వాళ్లు కాగితం తీసి "ఇన్సూరు చేసిన ఆస్తి వివరం" అనే చోట మాత్రం చదవండి. మీ షెడ్డు పేరు అక్కడ కనబడిందా లేదా? ఇంగ్లీషు రాకపోతే పిల్లల చేత చదివించుకోండి, లేదంటే పాలసీ నంబరు, ఫోను నంబరు చెరిపేసి ఆ పేజీ ఫోటో గ్రూపులో పెట్టండి, తెలిసిన వాళ్లు చూసి చెప్తారు. పాలసీ లేని వాళ్లు ఒకే ఊరిలో నలుగురైదుగురు కలిసి ఒకే ఆఫీసుకి పోండి. ఒక్క రైతు పోతే వినిపించుకోని వాళ్లు ఐదుగురు పోతే కుర్చీ వేస్తారు. ఎవరికి ఏ షరతుతో దొరికిందో ఇక్కడ రాస్తే మిగతా వాళ్లకి తిరుగుడు తప్పుతుంది.

రేకుల జే బోల్టులు కూడా ఒకసారి బిగించి చూసుకోండి. పాలసీ ఉన్నా కప్పు ఉండడమే మనకి కావాల్సింది.